రేపటి ముద్ర

సాయంత్రం ఐదు గంటలు. సన్నటి వాన, తూర్పుగాలి. మూడింటికి రావలసిన టపా పడవ ఇంకా రాలేదు. అందులో వెర్నెల్ మొగుడూ, ఇద్దరు కొడుకులూ ఉన్నారు. పోస్టాఫీసు మూసి, రేవు కనబడుతుందని ఆవిడ ఈనిడ్ రమ్ము కొట్టు అరుగు మీద కూర్చుంది.

అక్కడ ఓస్బర్ట్ ఉన్నాడు. దీవి స్టాంపులూ, ఊళ్లు తిరిగొచ్చిన కవర్లూ పోగుచెయ్యడం అతని పిచ్చి. మిగతా పొద్దంతా కోతలు.

"ఈ కవరు చూశారా," జేబులోంచి తీశాడు. "పొద్దున దీవి మొన దగ్గర గాలం వేసుక్కూచున్నానా, ఇది నీళ్లమీద తేలుతూ వచ్చింది. నాలుగు బారలేసి తెచ్చా. పెద్ద విషయమేం కాదులే."

"టపా కవరుకి నీళ్లలో ఏం పని?" అంది ఈనిడ్.

వెర్నెల్ తల తిప్పింది.

"అక్కడికే వస్తున్నా. తలెత్తి చూద్దును కదా, మన టపా పడవ, అడుగున సీమపనసకాయంత చిల్లి, సగం మునిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క గెంతున పడవెక్కి, సంచి విప్పితే కొత్త చిలకబొమ్మ స్టాంపులు, రెండొందలు, ఒక్కోటీ నాలికతో తడపడం, చిల్లిమీద అంటించడం, తడపడం, అంటించడం..."

"ఉప్పునీళ్లలో జిగురు పట్టిందా?" అన్నాడు డామినో ముక్కలు పేరుస్తున్న ముసలి లూషస్.

"పట్టడమా మావా, ఆ జిగురుకి నా నాలికే బంకముద్దయి, వెనకనుంచి వచ్చిన సొరచేప దానికి అతుక్కుపోయింది. అది బెదిరి పరుగు, వెనక నేను, నా వెనక పడవ, మూడు దీవులు దాటి పనామా కాలువదాకా లాక్కుపోయింది. అంతసేపూ నేను నోరు మెదపలేదు."

"సొరచేపని నమ్ముతా. అది మాత్రం నమ్మను," అన్నాడు లూషస్.

"మనుషులు?" అంది వెర్నెల్.

"ఏ మనుషులక్కా?"

"పడవలో."

"వాళ్లా... వాళ్లని పెలికాన్లు ముక్కున కరుచుకుని..."

"ఇంక చాల్లే, ఊరుకో," అంది ఈనిడ్.

వెర్నెల్‌కి ఏమీ పాలుపోలేదు. కోతలని తెలుసు. కానీ కవరు ఎదురుగా ఉంది. కవరుండేది సంచిలో. సంచి ఉండేది పడవలో.

"ఇలా తే."

చిలకబొమ్మ. దానిమీద తను కొట్టిన ముద్ర. తేదీ చూసింది. మళ్లీ చూసింది. రేపటిది.

చిలక స్టాంపు విడుదల రేపు. ఎక్కడెక్కడి సేకరణదారులో మొదటిరోజు ముద్ర కోసం వందల కవర్లు పంపుతారు. ఒంటిచేత్తో ఒక్కరోజులో తెమలదని, ముందురోజే ముద్రలు కొట్టి డబ్బాలో పెట్టడం ఆవిడ అలవాటు. ఇవాళ పడవ పొద్దున ఆరింటికే వెళ్లింది. ఆ తర్వాతే డబ్బా తీసి ముద్రలు మొదలుపెట్టింది. పదకొండింటికి ఓస్బర్ట్ కిటికీ దగ్గర ప్రాణం తీస్తే, అతని కవరు అతనికిచ్చేసింది. తనే ఇచ్చింది. ఎలా మరిచిపోయిందో.

"ఇది పడవెక్కలేదు," అంది. "పదకొండింటికి నేనిచ్చాను. తేదీ రేపటిది."

"రేపటి సముద్రంలో ఈదొచ్చాడన్నమాట," అన్నాడు లూషస్.

ఓస్బర్ట్ కాళ్లకేసి చూసుకున్నాడు. "ఎక్కడికీ వెళ్లిరాని కవరుకి విలువేముందక్కా. అందుకని కాస్త తిప్పి తెచ్చా."

కవరు తిరిగిచ్చేసింది. ఇతను ఏమీ చూడలేదు. అంటే పడవ మునగలేదు. కాదు, మునిగిందో లేదో ఇతనికీ తెలియదు. ఏది పట్టుకుని ఊరటపడాలో తెలియక లేచి రేవుకి నడిచింది.

ఆరవుతుండగా మొన మలుపులో పడవ కనబడింది. ఇంజను చప్పుడు లేదు. టార్పాలిన్ తెరచాపలా కట్టి, తెడ్లు వేసుకుంటూ వస్తున్నారు.

మొగుడు దిగాడు. పెద్దాడు దిగాడు. తర్వాత ఎవరూ దిగలేదు. తర్వాత టపా సంచి కదిలింది. దానికింద చిన్నాడు.

నమ్మకం చాలక మళ్లీ మొదటినుంచి వేళ్లు మడిచింది. ఒకటి, రెండు, మూడు.