ఈరక్క చేలో మూడు రాత్రుల మంద

ఈరక్కకి రెండెకరాల చేను, ఒక పొయ్యి. అంతే అనుకో ఆయమ్మ ఆస్తి. మొగుడు పోయినాడు, కూతుర్ని పక్కూరికిచ్చింది. చేను ఎర్రమట్టి, పదేళ్లుగా ఎరువు మొగం చూడలేదు. పోయినేడు చెనిక్కాయ వేస్తే విత్తనానికి పెట్టినంత కూడా తిరిగి రాలేదంట. ఈ ఏడూ అట్లే పోతే చేను బీడు పెట్టి బెంగళూరికి కూలికి పోవాల్సిందే. దానికి మందు ఒకటే. గొర్రెల మంద ఒక్క రాత్రి ఆ చేలో పడుకోవాల. పట్నమోళ్లు ఎవరన్నా ఉంటే వినండి, మంద పడుకున్న చోట పెంటికలు, ఉచ్చ అంతా భూమిలోకి దిగుతుంది, మూడేళ్లు పంటకి ఢోకా ఉండదు. కెంచప్ప అని ఒక గొర్రెలాయన ఏటా వానలకి ముందు ఎనిమిదొందల గొర్రెలతో ఆ ఊరికొస్తాడంట. పదైదు రాత్రులుండి పోతాడు. మంద ఎవరి చేలో పడితే వాళ్లు కాపరులకి సంగటి పెట్టాల. ఎవరికెన్ని రాత్రులనేది ఊరి సర్పంచి చెప్పాల. అదీ కట్టుబాటు.

అప్పుడు సర్పంచి బయపరెడ్డి, ఎగువీధి పార్టీ. ఆయన సూత్రమేందంటే, ఎకరాల లెక్క. పెద్ద చేను పండితే పదిమందికి కూలి దొరుకుతుంది, ఇదంతా ఊరి బాగు కోసమే అంటాడు. ఆ లెక్కన పదైదు రాత్రుల్లో పన్నెండు ఆయన చేలోనే పడినాయంట. ఈరక్క పోయి, అన్నా, నాకొక్క రాత్రియ్యన్నా అని అడిగింది. ఆయన కోప్పడలేదు పాపం. "నీ రెండెకరాలకి ఎంతొస్తుందో చూసినా మ్మే. అర జాము వస్తుంది. అర జాముకి గొర్రెలు పడుకుంటాయా, నువ్వే చెప్పు" అన్నాడంట.

దిగువీధి పార్టీ ఓబులేసు ఈ మాట పట్టుకున్నాడు. ఇది అన్యాయం, మేమొస్తే పొయ్యికో రాత్రి, పొయ్యంటే ఒక సంసారం లెక్క, ఉన్నోడికైనా లేనోడికైనా పొయ్యికి ఒకటే రాత్రి అని ఊరంతా తిరిగినాడు. ఈరక్కకి కండ్లలో నీళ్లొచ్చినాయంట. ఓటేసింది, ఇంకో పదిమంది చేత వేయించింది. ఓబులేసు గెలిచినాడు. ఏమైందంటే, మంద వచ్చేదానికి నెల ముందు ఈరక్క ఆయన ఇంట్లోకి పోయి చూస్తే ఎటు చూసినా పొయ్యిలే. నలుగురు కొడుకులకీ తలా రెండు, అత్తకొకటి, ఎద్దులకి ఉలవలు ఉడకేసేకి కొట్టంలో ఒకటి. ఇంకా రెండు ఉన్నాయి, ఒకటి తులసికోట పక్కన, ఒకటి పచ్చిమట్టిది, ఆరనే లేదు. "ఓబులేసన్నా, నీ చిన్నోడికి పెండ్లే కాలేదే, వానికి రెండు పొయ్యిలెందుకు?" అంటే, "అయితే? ఎప్పుడూ కాదంటావా?" అన్నాడంట. "మరి నా పొయ్యి?" "వరసలో ఉంది మ్మే. వచ్చే ఏడు చూద్దాంలే."

పద్నాలుగు రాత్రులు ఓబులేసుకీ ఆయన అన్నదమ్ములకీ అయిపోయినాయి. పదైదోది ఆ పచ్చి పొయ్యిదన్నాడు ఓబులేసు. ఆ మాటకే కాచుకోనున్నాడు బయపరెడ్డి. ఎకరాలు తప్ప ఇంకోటి ఎరగని ఆయప్ప తానూ ఒక పొయ్యి కట్టించినాడు, సూత్రమంటే సూత్రమే, ఈ రాత్రి నాది అన్నాడు. రెండు పార్టీలూ చావిడి కాడ చేరి అరుచుకుంటాన్నారు. పచ్చి పొయ్యి పొయ్యే కాదని ఎగువీధోళ్లు, అగ్గి పెట్టని పొయ్యి అసలే కాదని దిగువీధోళ్లు. కెంచప్ప మందతో ఎండలో నిలబడి, "మీ న్యాయం తేలేదాకా వీటిని నా నెత్తిన పెట్టుకోవాల్నా సామీ?" అన్నాడంట. అప్పుడు ఈరక్క మెల్లగా, "తేలేదాకా నా చేలో నిలబెట్టుకో కెంచప్పా. ఇద్దరి చేలకీ నడిమధ్యనే ఉండాది. ఎవురిదని తేలితే వాళ్లు తోలుకుంటారు" అనింది. వాని చేలోకి పోలేదు, అది చాలని బయపరెడ్డి అనుకున్నాడు. ఓబులేసూ అదే అనుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి సరే అన్నారు. ఆ రెండు పార్టీలూ ఒక మాట మీదికి రావడం ఆ ఊరు అదే మొదటిసారి చూడ్డం.

తేలిందా అంటే, యాడ తేలుతుంది? నేను తగ్గితే వానికి పోతుంది కదా అని ఇతను, వీనికి పోతుంది కదా అని అతను. మూడు దినాలు కొట్లాడినారు. ఆ మూడు రాత్రులూ మంద ఈరక్క చేలోనే. ఆయమ్మ ఒక్క పొయ్యి మీదనే నలుగురు కాపరులకి సంగటి కెలికి, గంపలో పెట్టుకోని మోసింది. నాలుగో దినం మబ్బు పట్టింది. కెంచప్ప మందను తోలుకోని తన దోవన తాను పోయినాడు. వాళ్లింకా చావిడి కాడే ఉన్నారు.

ఆ ఏడు ఈరక్క చేలో చెనిక్కాయ గుత్తులు గుత్తులుగా ఊరిందంట. బెంగళూరు మాట ఎత్తలేదు. మళ్లీ ఎన్నికలొస్తే ఓబులేసు ఆ చేను గట్టున నిలబడి, చూడండి మా పొయ్యి సూత్రం అన్నాడు. మరుసటి దినం బయపరెడ్డి అదే గట్టున నిలబడి, ఎకరాల లెక్క లేకుంటే ఇది పండేదా అన్నాడు. ఈరక్క ఇద్దరికీ మజ్జిగిచ్చింది. ఆ దినాల్లోనే ఆ ఊరికి పోయి, ఓటెవరికి మ్మే అని నేనడిగితే, "ఎవురు వెనకబడి ఉంటే వాళ్లకి. ఒకనికే బలముంటే మనకి అర జాము. ఇద్దరికీ సమానంగా ఉంటే మూడు రాత్రులు" అనింది.

మంచి మాటే అనుకున్నా. లేచి వస్తావుంటే చూసినా, గోడవార పచ్చిమట్టితో ఇంకో పొయ్యి. ఇదెందుకు మ్మే, ఉండేది నువ్వొక్కదానివే కదా అంటే, ఆయమ్మ చెంగుతో మూతి తుడుచుకోని, "ఆరనీలేప్పా, ఉంటే మంచిదే కదా" అనింది.