నిమిషానికో తిప్పు

"నన్నడక్కుండా కెమెరా కొనేద్దామనే?" అని వడ్రంగి మేస్త్రీ టీ గ్లాసు ఠక్కున టీకొట్టు బల్లమీద పెట్టాడు.

రాత్రి డ్యూటీ దిగి టీ కోసం ఆగిన నర్సమ్మ అప్పటిదాకా తన గోడు ఇస్త్రీ అబ్బాయితో చెప్పుకుంటోంది. ఆమెకి దూరపు గెలాక్సీల్ని ఫోటో తియ్యాలని ఆశ. ఫోటో స్టూడియోలో రెండు కెమెరాలు చూసింది. ఒకటి కొత్తది, చిన్నది. రెండోది ఎవరో వాడి అమ్మేసిన పాతది. ఏది తీసుకోవాలో తేలడంలేదు. మధ్యాహ్నంలోపు చెప్పకపోతే పాతదాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు స్టూడియో ఆయన. పొరపాటున పనికిరానిది కొంటే మళ్లీ కూడబెట్టడానికి ఏడాది పడుతుంది.

"పాతదే తీసుకో తల్లీ. ఒంటిమీద గీతలున్నాయా, ఉండనీ. నువ్వేమైనా పెళ్లిచూపులకి పోయావా? రెండే రెండు అడుగు. లోపలి తలుపు, అదే షట్టరు, ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది మన చేతిలో ఉంటుందా? లెన్సు ఊడదీసి వేరేది బిగించుకోవచ్చా? ఆ రెండూ ఉంటే చాలు. మిగిలిన డబ్బు పెద్ద నోరున్న లెన్సు మీద పెట్టు. చుక్కల వెలుగు బొట్లు బొట్లుగా పడుతుంది, చెంబు నోరు పెద్దదైతేనే నిండేది."

"ఇవన్నీ మీకెలా తెలుసు పెదనాన్నా?"

"ఎలాగేమిటి, తీశాను కనక! పనికి దిగిన కొత్తలో సామాను కాపలాకి నన్నే పడుకోబెట్టేవాళ్లు. కప్పు వెయ్యని ఇల్లు, కింద ఇసక, కడుపులో మంచినీళ్లు. వెల్లకిలా పడుకుంటే పైన చిటికెడు పిండి ఊదినట్టు ఓ మరక. అది మన చుక్కల గుంపు కాదనీ, పక్క గెలాక్సీ అనీ ఎన్నో ఏళ్లకి గానీ తెలియలేదు. పాతిక లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగమ్మా అది! అంత దూరం నుంచి నాకోసం వస్తే, తెల్లారి లేచి నేనేం చేశాను? ఆ ఇంటికి కప్పు వేశాను. అదే కదా నా పని! ఇప్పుడు ఊరంతా దీపాలు, నా కళ్లకి పొర. ఆ మరక మళ్లీ కనబళ్లేదు. అందుకే కెమెరా కొన్నా."

"కొన్నావా!" అన్నాడు ఇస్త్రీ అబ్బాయి.

"మధ్యలో రాకు. కెమెరా ఒక్కటీ ఉంటే సరిపోదు. భూమి తిరుగుతుంది కదా, కాసేపు తలుపు తెరిచి ఉంచితే చుక్కలన్నీ గీతలైపోతాయి. దానికి పెద్ద యంత్రాలున్నాయి, మనం కొనలేం. నేనేం చేశానో తెలుసా? రెండు చెక్కలు, మధ్యన తలుపు బందు, కింద ఒక బోల్టు. పై చెక్క మీద కెమెరా. బందుని ధ్రువనక్షత్రం వైపు పెట్టి బోల్టుని నిమిషానికో తిప్పు తిప్పితే, చెక్క చుక్కలతో పాటే నడుస్తుంది. ఇదిగో, ఇలా." బొటనవేలూ చూపుడువేలూ గాలిలో మెల్లగా, వణుకు లేకుండా తిరిగాయి. "మొదటిసారే చుక్కలు నువ్వుల్లా పడ్డాయి."

"బాగుందే!" అన్నాడు టీకొట్టాయన.

"అప్పుడే ఏమైంది! మర్నాడు నాలుగు గంటలు తిప్పా. ముక్కు మీద దోమ వాలి, కుట్టి, తాగి, అరిగించుకుని పోయింది. నేను తిప్పు తప్పానా? తప్పలేదు. ఆ తర్వాత ఏమైందో వినండి. ఓ రోజు తెల్లవారుజామున గట్టిగా తుమ్మొచ్చి బోల్టు ఓ చుట్టు వెనక్కి తిరిగింది. అంతే, రాబోయే సూర్యుడు ఆగిపోయాడు! కూసిన కోడి గొంతు సవరించుకుని మళ్లీ పడుకుంది. పాలవాడు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి రెండోసారి పాలు పోశాడు. మా ఆవిడే సాక్ష్యం."

"ఆ ఫోటోలు ఏవి పెదనాన్నా?"

"గోడకి కొట్టా. వెలుగెక్కువై ఇంట్లో ఎవరికీ నిద్రపట్టక దించేశాం. అది కాదు, అసలైనది విను. పక్క గెలాక్సీ ఫోటోని పెద్దది చేశా. ఇంకా పెద్దది చేశా. చుక్కలు, చుక్కల మధ్య ఊరు, ఊళ్లో కప్పు వెయ్యని ఇల్లు. గోడమీద ఒకడు కూచున్నాడమ్మా, చెవి మీద పెన్సిలు. వాడిముందు రెండు చెక్కలు, ఒక బందు! బోల్టు తిప్పుతూ మనవైపే ఫోటో తీస్తున్నాడు. నన్ను చూసి చెయ్యూపి, 'మేస్త్రీ, కొత్త కెమెరానా, పాతదా?' అనడిగాడు."

టీకొట్టాయనకి పొలమారింది. ఇస్త్రీ అబ్బాయి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"బాబాయ్, నీ మేడ పక్కదే మా మేడ. బట్టలు తియ్యడానికి రోజూ ఎక్కుతా. ఆ చెక్క చూశా, బందు చూశా, నువ్వు తిప్పడం చూశా. దానిమీద ఉన్నది కెమెరా కాదు, ఇటుక."

నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రీ మొహం కందిపోయింది.

"ఇటుకే! అయితే ఏంట్రా? చెయ్యి అలవాటు కావాలా వద్దా? స్టూడియోలో కెమెరా బరువు కనుక్కుని మరీ చెక్కా ఆ ఇటుకని. కొందామనుకున్న ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒక అవసరం. కెమెరా వచ్చాక నేర్చుకుందామంటే నాకు ఆయుష్షుండాలి కదా! పదకొండేళ్లు తిప్పానురా. ఒక్క తిప్పు తప్పలేదు. ఈ ఒక్కటీ కోత కాదు."

నర్సమ్మ అతని బొటనవేలు చూసింది. బోల్టు అంచు ఒరుసుకునేచోట చర్మం కాయ కాసి, నల్లబడి ఉంది. ఆమె పర్సు తీసుకుని లేచింది.

"పాతదే కొంటాను పెదనాన్నా. ఈ రాత్రి నాకు సెలవే. కెమెరా తెస్తాను, తిప్పేది మీరు."

మేస్త్రీ టీ గ్లాసు పక్కకి జరిపి, బొటనవేలిని చొక్కాకి తుడుచుకున్నాడు.

ఇస్త్రీ అబ్బాయికి మనసు చివుక్కుమంది. "సాయంత్రం నేనూ వస్తా బాబాయ్. ఆ ఇటుక తీసి అవతల పారేస్తా."

"పారేస్తావా?" మేస్త్రీ గొంతు లేచింది. "పదకొండేళ్లు ఆకాశం చూసిన ఇటుకరా అది. మెల్లగా దించు."