పావడ అంచుల సీసం

మల్ల రిజిస్టరుల అదే రాస్తున్నరా సారూ? టీచరమ్మ నిర్లక్ష్యం అని? అట్ల రాయకుండ్రి, మీ కాళ్లు మొక్కుత. జర ఆ పెన్ను పక్కకు పెట్టి నా మాట ఇనుండ్రి. పొద్దుగాల డోర్నకల్ల బండెక్కి మహబూబాబాదుల మీ డీఈఓ ఆఫీసుకు వచ్చిన, గీ సంచి పట్టుకొని.

ఏంది? దరఖాస్తు నాదేనా? నాదే సారు. చంద్రి అని కింద సంతకం పెట్టింది నేనే. లేదంటలేను.

రాసింది మా మరిది ప్రేమ్‌సింగ్. తండా పిల్లకు లండన్ డాన్సు నేర్పి కాలు ఇరగ్గొట్టింది, మంజుల టీచరును కొలువుల నుంచి తీసెయ్యాలె అని రాసి నా ముందల పెట్టిండు. దవాఖానల నా బిడ్డ శోభ ఏడుస్తున్నది. పది మంది చుట్టు నిలబడి పెట్టు పెట్టు అంటున్నరు. పెట్టిన. పెట్టి ఊకున్న. ఆ ఊకున్నదే ఇప్పుడు నన్ను తింటున్నది.

బూట్ల సంగతి ఎందుకడుగుతున్నరు? బూట్లు మంచియే. స్టేజి మంచిదే. టీచరమ్మ నేర్పుడు ఇంకా మంచిది. అడుగవలసింది పావడ సంగతి సారు. అదొక్కటే ఎవ్వలూ అడుగలే.

నేను బట్టలు కుడత. స్టేషన్ రోడ్డుకు చిన్న మిషిన్ పెట్టుకున్న. మా ఇంట్లాయన మిరపకాయ ఏరనీకి పోతే నెలలకు గాని రాడు, ఇల్లు నా మిషిన్ మీదనే. జనగామ పోటీకి పావడ కుట్టియ్యాల్నని టీచరమ్మ నా తానికే వచ్చింది. "చంద్రక్కా, ఆడేది నీ బిడ్డ, కుట్టేది నువ్వే" అన్నది. ఫోనుల బొమ్మలు చూపెట్టింది. విక్టోరియా రాణి కాలం నాటియట.

ఆ కాలంల దొరసానులు లంగ కింద ఇనుప చువ్వల గంప కట్టుకునేటోళ్లట సారు! మన కోళ్లగంప లెక్కనే! గుమ్మంల నుంచి పోవాల్నంటే పక్కకు తిరిగి పోయేటోళ్లట. నేను నవ్విన నవ్వుకు ఒళ్లె ఉన్న కత్తెర కింద పడ్డది. టీచరమ్మ గూడ నవ్వింది. అగో, అట్ల కలిసి నవ్వినోళ్లం మేము.

అప్పట్ల గీ లండన్ డాన్సు, బ్యాలే అంటరట, అది ఆడే పిల్లల బట్టలు వేరే. పల్చటి తెల్ల మల్లుగుడ్డ, పొర మీద పొర, మోకాళ్ల కిందికి. నడుము మాత్రం ఊపిరాడకుండ బిగించి కట్టుడు. వాళ్లంత పేదోళ్ల బిడ్డలేనట. స్టేజి దీపాల మంట తాకి పావడ అంటుకొని సచ్చిపోయినోళ్లు గూడ ఉన్నరట, పాపం. పటిక నీళ్లల్ల ముంచితే తొందరగ అంటుకోదు, కని గుడ్డ బిర్రుగైతది, పసుపుబారుతదని వాళ్లు ఒద్దనేటోళ్లట. "ఆ పావడకు పానమే తేలికదనం అక్కా, ఏం బరువు పెట్టకు" అన్నది. నాకు సాఫ్ చెప్పింది సారు. చెప్పలేదంటే నా నోట్ల మన్ను పడ.

ఇంకో ముచ్చట గూడ చెప్పింది. బజార్ల తిరిగే దొరసానులు గాలికి లంగ లేస్తదని అంచుల సీసం ముక్కలు పెట్టి కుట్టుకునేటోళ్లట. "మీ తండా లంగ లెక్కనే" అన్నది, నవ్వులాటకు. నిజమే. మా అమ్మ కట్టిన ఫేటియ లంగకు అద్దాలు, గవ్వలు, అంచుకు మందంగ పట్టి. ఎంత గిర్రున తిరిగినా పైకి లేవదు. మాకు ఆడదాని లంగంటే అట్లనే ఉండాలె. నా చేతులు పుట్టి నేర్సింది ఆ కుట్టే.

కుట్టిన పావడ తొడుక్కొని పిల్ల మా ఇంటి ముందల ఒక చుట్టు తిరిగింది. అబ్బ, ఏం తిరిగింది సారు! గొడుగు లేసినట్టు లేసింది పావడ. లోపట కాళ్లకు తెల్ల లాగు ఉన్నది, ఉంటే ఏంది, తొడల దాంక కనవడ్డది. ఎదురింటోళ్లు చూసిన్రు. ప్రేమ్‌సింగ్ ఫోను తీసి వీడియో పట్టిండు. తొమ్మిదో తరగతి చదివే పిల్ల. రేపు గిది తండా అంత ఫోన్లల్ల తిరిగితే ఏమంటరు? ఆడోళ్లు బోరింగుకాడ నా మొఖం మీదనే అంటరు.

గంతే. చేపల వలకు కట్టే సీసం గుండ్లు ఉంటయ్ గద, అవి తెచ్చిన. లోపటి పొర అంచు మడిచి, జానెకొకటి పెట్టి, బయటికి కనవడకుండ కుట్టిన. ఎంత బాగ కుట్టిన్నంటే టీచరమ్మ చూసి గూడ గుర్తుపట్టలే.

ఇగో, సంచిల తెచ్చిన. చెయ్యి పెట్టి చూడుండ్రి సారు. గీ అంచు పట్టుకోండ్రి. తగిలిందా? గుండ్రంగ, గట్టిగ? అవే.

జనగామల పోటీ. గెలిస్తే హైదరాబాదుల డాన్సు బడిల సీటు, తిండి, చదువు అన్ని వాళ్లయే. నా బిడ్డ ఏడాది సంది ఆ సీటు పేరు మీదనే నిద్ర లేసింది. స్టేజెక్కింది. మొదటి చుట్టు మంచిగనే. రెండోది మంచిగనే. మూడో చుట్టుల పిల్ల ఆగింది సారు, పావడ ఆగలే. ఆ బరువు ఇంకో చుట్టు తిరిగి పిల్లను గుంజుకపోయింది. చీలమండ ఇరిగిన చప్పుడు తెర పక్కన నిలబడ్డ నాకు ఇనవడ్డది.

డాక్టరు నడుస్తది అన్నడు. ఎగురుతదా అంటే పక్క మంచం తానికి పోయిండు.

మొన్న ఘనపూర్ పోయిన సారు, భూపాలపల్లి దిక్కు. కొలువు ఆపిన్రని టీచరమ్మ వాళ్లింటికి పోయింది గద. వాళ్లమ్మ బుచ్చమ్మ అప్పుడే పత్తి ఏరి వచ్చింది. నేనెవ్వరో తెలిసి గూడ కుర్చీ ఏసింది, చాయ పెట్టింది. తిడితే బాగుండు. టీచరమ్మ గూడ తిట్టలే. "శోభ బొటనవేలు కదుపుతున్నదా అక్కా?" అని అడిగింది. నేర్పుడుల తప్పు ఎక్కడ చేసిన్నో అని నోటుబుక్కుల అడుగు అడుగు రాసుకుంటున్నది. లేని తప్పు ఎతుక్కుంటున్నది సారు! గుండ్ల సంగతి చెప్పకుండనే చాయ తాగి బస్సెక్కిన.

బిడ్డ గూడ "నా కాలే మంచిది కాదమ్మా" అంటది. ఔనని తల నిమురుత. ఏం చెయ్యాలె?

ఇంటి ముందల తీసిన ఆ వీడియో తండాల అందరు చూసిన్రు. కాళ్ల ముచ్చట ఒక్కలు తియ్యలే. ఎంత మంచిగ తిరిగింది పిల్ల అన్నరు. ఎవ్వలకు భయపడి కుట్టిన్నో వాళ్లే అన్నరు.

ఏంది సారు? టీచరమ్మదే తప్పని కాయిదం పైకి పోయిందా? నిన్ననే? ఇప్పుడు నేను చెప్పినా రాయనీకి జాగ లేదా? కింద ఇంత జాగ కనవడుతున్నది గద! తల్లి పరేషాన్ల ఏదో అంటున్నది అంటున్నరా? పరేషాన్ల కాదు. అయితే ఇంకొకటి చెప్త, గిదన్న రాసుకోండ్రి.

స్టేజి ఎనుక నా బిడ్డ అడిగింది. "అమ్మా, పావడ గుంజుతున్నది, ఏమైంది" అన్నది. గంజి ఎక్కువైంది బిడ్డా అన్న. కత్తెర నా చేతులనే ఉన్నది సారు. దారం తెంపితే గుండ్లన్ని రాలిపడుతయ్, ఇంకా రెండు పాటల టైమున్నది. తెర పక్కకు జరిపి చూసిన. ముందటి వరుసల మగోళ్లు ఫోన్లు పట్టుకొని కూసున్నరు. కత్తెర సంచిల ఏసుకొని, పో బిడ్డా అని ఎన్ను తట్టిన.

రాసిన్రా సారూ? పెన్ను ఎందుకు మూసిన్రు?