నాలుగో గుంపు ఎలుకలు

ఫిన్లాండ్‌లో ఒక ప్రయోగశాల. తొంభై రోజుల పరీక్ష ముగిసింది, ఎనభై ఎలుకలనూ కోసి చూడడం అయిపోయింది. వాటిని సాకిన సిర్కా తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. పరీక్ష నడిపిన డాక్టర్ వెయిక్కో కాగితాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“ఇదిగో, ఇక్కడ, నా పేరు కింద. ఒక్క సంతకం, సిర్కా.”

“చేతులు తడిగా ఉన్నాయి.”

“తుడుచుకో. తొందరేం లేదు. అంటే, ఉందనుకో. కంపెనీ వాళ్లు మూడింటికి ఫోన్ చేస్తారు.”

“బోనులు కడగాలి.”

“రేపు కడుగు. ఖాళీ బోనులు ఎక్కడికి పోతాయి? యాలకుల బన్ను తెచ్చాను, తిన్నావా?”

“తర్వాత.”

“పొద్దున్నుంచీ తర్వాతే.”

“వెయిక్కో, ఎలుకలకి పట్టించిన ఈ వెండి దేంట్లో వేస్తారన్నావు?”

“పసిపిల్లల పాలసీసాల్లో. లోపల పూత. కంటికి ఆననంత సన్నటి పొడి, క్రిములు చేరనివ్వదు. ఎన్నిసార్లు చెప్పానో.”

“చెప్పావు. సీసాలెప్పుడొస్తాయి?”

“వసంతంలో. మన మాట కోసమే ఆగారు. ఒక్క కాలేయం పాడైతే ఒట్టు. ఉత్త నీళ్లు తాగిన మొదటి గుంపుకీ, అందరికంటే ఎక్కువ వెండి మింగిన నాలుగో గుంపుకీ తేడా లేదు. పదేళ్లలో ఇంత శుభ్రమైన ఫలితం చూళ్లేదు నేను.”

“తేడా లేదు.”

“అదే అంటున్నాను. మూడో వారంలో నాలుగో గుంపు కాస్త బరువు తగ్గింది. మళ్లీ పుంజుకుంది. అలవాటు పడ్డాయని రాశాను.”

“అలవాటు పడలేదు.”

“మరి?”

“బొచ్చు రేగిపోయింది. ముక్కుల చుట్టూ ఎర్రగా అయింది. మూలకి చేరి, మూత తీసినా తల ఎత్తేవి కావు.”

“నీ రోజువారీ పుస్తకంలో ‘మామూలే’ అని ఉంది.”

“నేనే రాశాను.”

“ఎందుకు? సిర్కా, ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నావు ఈ పని. ఎందుకలా రాశావు?”

“ఉన్నదున్నట్టు రాస్తే బాధపడుతున్నాయని ఆ రోజే చంపించేవాడివి.”

“నియమం అది. ఇవాళ చంపలేదా మరి?”

“చంపాం. నాలుగో గుంపులో ఇరవయ్యీ నేనే పట్టుకున్నాను. కరవలేదు.”

“సరే. సరే, విను. జబ్బు చేసిన మాట నిజమే అనుకుందాం. కోలుకున్నాయి కదా? అదే మందు, అంతే మోతాదు, రోజూ గొట్టంతో గొంతులోకి పోస్తూనే ఉన్నావు, అయినా కోలుకున్నాయి. అంటే వెండి ఏమీ చెయ్యదనే కదా అర్థం? ఆ నాలుగు రోజుల సంగతి ఒక వాక్యం కలుపుతాను. ఫలితం మారదు. సంతకం పెట్టు.”

“మారుతుంది.”

“ఎలా మారుతుంది?”

“ఇరవై రెండో రోజు నుంచి ఆ గొట్టంలో నేను పోసింది ఉత్త నీళ్లే, వెయిక్కో.”