చెంచాముక్కు ఉల్లంకి

హలో… ఆ, నేనేరా, గిబొమ్. సున్‌దొక్ పిన్నిని.

…తిన్నాన్లే. అది కాదు. సముద్రపు గోడ కోసం నువ్వు రాసిన పిట్టల రిపోర్టు ఊరి హాల్లో అంటించారు. మల్‌నొ వదిన చదివి వినిపించింది. 'చెంచాముక్కు ఉల్లంకి ఈ తీరాన కనబడలేదు.' కింద నీ సంతకం!

…ఏంటీ? నువ్వు చూసింది ఎర్రమెడ ఉల్లంకా? …ఆహా. రెండూ పిచ్చుకంతే, ఈ నెలలో రంగూ ఒకటే, పొరబాటు పడొచ్చు… నువ్వా?

గట్టుమీద దుర్భిణీతో నిలబడేవాళ్లకి ముక్కు పక్కనుంచే కనిపిస్తుంది, సన్నగా. వాళ్లు పొరబడ్డారంటే ఒప్పుకుంటా. మేం బురదలో చతికిలబడి గుల్లలు తవ్వేవాళ్లం. అది మొహానికి ఎదురుగా నడిచొస్తుంది, ముక్కు చివర చెంచాతో. అందుకేగా నిన్నూ బురదలో కూర్చోబెట్టింది!

…అదీ తెలుసుగా? ఎర్రమెడది కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తుంది. ఇది నీళ్లలో ముక్కు పెట్టి అటూ ఇటూ ఊడుస్తుంది. ఎవరు నేర్పారు నీకు?

…ఫోటోలో తేలలేదా? మరి ఎదురుగా తీసిందేమైంది? నా పక్కన బోర్లా పడుకుని, చొక్కానిండా బురద పూసుకుని తీశావే!

…ఏ ఫోటో పెట్టావు?

…ఓహో. పక్కనుంచి తీసిందే పెట్టావా. కావాలనే.

…పైవాళ్లు చెప్పారా? బాగుందిరా. చాలా బాగుంది.

…ఇంకో చోటికి పోతుందా? ఎక్కడికి పోతుంది? రష్యా మంచులోంచి ఎగిరొచ్చి మన కొరియా ఒడ్డున వాలేసరికి ఎముకలే మిగులుతాయి. ఇక్కడ నాలుగు మెతుకులు తినకపోతే అవతలి సముద్రం దాటలేదు. అది ఉందని రాస్తే ఆ సముద్రపు గోడ ఆగేది. ఇప్పుడు సముద్రానికి అడ్డంగా కట్టేస్తారు. పిట్టకీ బురద లేదు, మాకూ లేదు.

…నేనా? నేను చెబితే ఎవడు నమ్ముతాడు? గుల్లల ముసలమ్మ బురద మీద ఆశతో ఏదో అంటోందంటారు. నువ్వు డాక్టరేటు చేసినవాడివి. నువ్వంటేనే అది పిట్ట.

…ఏడవకు. నాకు జాలి లేదు. గోడ కట్టేవాళ్ల మీదకన్నా నీ మీదే మండిపోతోంది.

సరే, ఒక్కటి చెప్పు. నువ్వు ఫోటో తీసింది ఏ పిట్ట?

…పేరు చెప్పరా.

……

ఆ. అదే! ఎంత చక్కగా అన్నావ్! రేపు పదింటికి గోడ గురించి జరిగే విచారణలో, మైకు ముందు ఆ మాటే అను. నేను ముందు వరసలో కూర్చుంటా—

…గిబొమ్?

…గిబొమ్!

కట్ చేశాడు, వదినా.