బావ తొక్కిన బ్రేకు

నిన్న అందరి ముందూ నేనంత నోరు చేసుకుంటుంటే, ఒక్క మాటైనా ఎందుకు అడ్డం వేయలేదు బావా?

అవతలివాళ్లు ఎదురు చెప్తేనే కదా అది వాదన! నువ్వేమో గోడకి చేరగిలబడి గోళ్లు చూసుకుంటూ నిలబడ్డావు. నేను గెలిచేశాను. కాలేజీ డిబేట్లలో కూడా అంత సులువుగా ఏనాడూ గెలవలేదు.

సరే, కానీ. తొక్కు. ఇంకోసారి. ఊఁ, ఇప్పుడు తొక్కి పట్టుకో. నేను గాలి పోయే నిపుల్ వదులు చేస్తున్నా, కాలు తీయకు... అబ్బ! ఈ గొట్టంలో బుడగలు చూడాలి, సోడా పొంగినట్టు వస్తున్నాయి. బిగించా. వదులు.

మొన్న ఎంతసేపు తొక్కినా ఇన్ని బుడగలు రాలేదు. ఎందుకని అడగవేం?

అడగవులే. మొన్న ఈ షెడ్డులోనే అడిగిన పాపానికి ఏం జరిగిందో గుర్తుంది కదా! "మరదలా, ఈ రెండు బ్రేకుల్లో ఏది ఏ పక్కది?" అన్నావు. "రెండూ కవల పిల్లలే బావా, ఎటు పెట్టినా ఒకటే. బ్యాంకులో సంతకాలు సరిచూసే కళ్లతో కారుని చూడకు" అన్నాను. నువ్వు నవ్వేసి పానా అందించావు.

అక్క కారుకి పెద్ద బ్రేకులు వేద్దామన్నది నేనే. ఇంజనూ ముందే, గేర్‌బాక్సూ ముందే, లాగే చక్రాలూ ముందువే. బ్రేకు నొక్కగానే ఉన్న బరువంతా ముక్కు మీదికే వస్తుంది. రేసు ట్రాక్ మీద కాసేపు తిరిగేసరికి పాత డిస్కులు కాగిపోయి, బ్రేకు పట్టడం లేదని అక్క గోల. అందుకని ముందు చక్రాలకి పెద్ద డిస్కులు, వాటిని పట్టి ఆపే పెద్ద కాలిపర్లు. అంతవరకూ నా తర్కంలో వంక పెట్టలేవు.

రంగు దగ్గర కొంప మునిగింది. చక్రం ఊచల మధ్య నుంచి ఎర్రగా మెరవాలని కాలిపర్లకి నేనే రంగేశాను కదా, దళసరిగా, పూత మీద పూత. ఇవాళ పొద్దున చూస్తే కారిన బ్రేక్ ఆయిల్‌కి ఆ రంగు బొబ్బలెక్కింది. గోటితో గీకితే పొరలా లేచొచ్చింది. దాని కింద పోతపోసిన గుర్తు. కుడి చక్రానికి ఉన్నది ఎడమ పక్కది బావా! ఎడమ చక్రానికి కుడిది!

అలా తారుమారైతే పైన ఉండాల్సిన నిపుల్ కిందికి పోతుంది. ఆయిల్‌లో చిక్కిన గాలేమో పైకి చేరుతుంది, అది ఉన్నంతసేపూ బ్రేకు పట్టదు. అది పై మూలలో దర్జాగా కూర్చుంటే, మనం కింద నుంచి ఆయిల్ పిండుకుంటూ కూర్చున్నాం. ఇందాకే విప్పి, దేని పక్కకి దాన్ని మార్చాను.

నీ కాలు తప్పేం చేయలేదు. తొక్కమన్నప్పుడు తొక్కావు, పట్టుకోమన్నప్పుడు పట్టుకున్నావు.

కానీ నిన్న అక్క కారు తీసింది, పెడల్ దూదిమూటలా అణిగిపోయింది, గేటు స్తంభాన్ని గుద్దింది. నుదురు బొప్పి కట్టి దిగి "ఎవరి పనిది?" అంది. నేను ఊపిరైనా తీసుకున్నానా? గాలి తీసేటప్పుడు పెడల్ మీదున్నదెవరు? బావ. మధ్యలో కాలు తీస్తే లోపలికి గాలి ఎక్కుతుందా, ఎక్కదా? ఎక్కుతుంది. అయిపోయింది. నాన్న కూడా తలూపారు.

"ఎల్లుండి పోటీకి నువ్వు రాకు. నా కారు మీద చెయ్యి వేయకు" అంది అక్క నీతో. పెళ్లికి ముందు నుంచీ ప్రతి పోటీలో దాని చక్రాలు బిగించింది నువ్వు. హెల్మెట్ పట్టీ కూడా నీ చేత్తో పెట్టించుకునే మనిషి! నిన్నటి నుంచి నీ మొహం చూడటం లేదు.

తొక్కు. గట్టిపడిందా? రాయిలా ఉందా? హమ్మయ్య. ఆగు, దిగకు.

ఏంటీ? ఏదో బోల్టు వదులైందని చెప్దామా? నన్ను కాపాడతావా నువ్వు! వద్దు బావా. నీ మంచితనం చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతోంది. రంగు సంగతైతే పొరపాటు, నవ్వేసి ఊరుకుంటారు. కానీ నేను ఇంకో మాట అన్నాను కదా. "ఫోన్ చూసుకుంటూ కాలు తీసేశాడు, నా కళ్లారా చూశాను" అని. చక్రం పక్కన నేల మీద పడుకున్నదానికి నీ కాలు ఎలా కనిపిస్తుంది? నేనేమీ చూడలేదు. తప్పు నా మీదికి వస్తుందేమోనని భయమేసింది. ఆ క్షణంలోనే పుట్టించేశాను. అంత చక్కగా అబద్ధం వచ్చేసరికి, సిగ్గు లేకుండా, లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

ఇది షెడ్డులో నీకొక్కడికి చెప్పుకుంటే సరిపోదు. అలాగని మేడెక్కి అక్కని పిలుచుకొచ్చే లోపు నా నోరు ఇంకో సాకు అల్లేస్తుంది. దాని సంగతి నాకు తెలుసు.

నాకు అంత వ్యవధి ఇవ్వకు బావా. హారన్ మీద చెయ్యి పెట్టు. అక్కా నాన్నా బయటికి వచ్చేదాకా తీయకు.