ఇసాటు పుచ్చుకోని దుద్దులు

జర్మనీలోని ఎర్లాంగెన్, 2021 ఫిబ్రవరి. కోవిడ్‌తో కమలాకర్ పోయి నెల దాటింది. ఆయన్ని ఆఖరిదాకా చూసుకున్న నర్సు ఇసాటుకు తన రవ్వల దుద్దులు ఇచ్చి రమ్మని ఆయన భార్య కౌసల్య కూతుర్ని పంపింది. సంయుక్త ఇప్పుడే తిరిగొచ్చింది.

"పుచ్చుకుందా?"

"మాస్కు తియ్యనీ అమ్మా."

"పుచ్చుకుందా, లేదా?"

"నర్సులు కానుకలు తీసుకోకూడదట. రూలు."

"అందుకేగా ఇంటికెళ్ళి ఇవ్వమన్నాను."

"ఇంటికే వెళ్ళా."

"మరి? మనల్ని లోపలికి రానివ్వని రోజుల్లో, ఆయన మంచినీళ్ళు అంటే అర్థంకాక, నీకు ఫోన్ చేసి మరీ అడిగింది ఆ పిల్ల. చివర్లో ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుని ఎంతసేపు నిలబడిందో! ఏమీ ఇవ్వకపోతే నా ప్రాణం ఊరుకోదే."

"డబ్బా తెరిచి వెంటనే మూసేసిందమ్మా. ఏడ్చింది."

"ఏం? నేను పెట్టుకున్నవనా?"

"కాదు. రవ్వలని."

"రవ్వలైతే?"

"వాళ్ళది సియెర్రా లియోన్, ఆఫ్రికాలో. ఇసాటు వాళ్ళ నాన్న ఏటి గుంటల్లో నిలబడి, జల్లెడ పట్టి రవ్వలు వెతికేవాడట. ఆ గుంటల కోసమే తిరుగుబాటువాళ్ళు ఊరి మీద పడ్డారు. రవ్వలమ్మి తుపాకులు కొనేవాళ్ళట."

"అయ్యో. చంపేశారా ఆయన్ని?"

"లేదు. రెండు చేతులూ... మోచేతుల దాకా..."

"ఆపు. ఆపవే."

"తనకప్పుడు ఏడేళ్ళు. అక్కడే ఉందట."

"సంయుక్తా... ఇవి నువ్వు పుట్టిన ఏడు మీ నాన్న నూరెంబర్గ్‌లో కొన్నారు. ఇవీ అక్కడివేనా?"

"తెలీదమ్మా. ఎవరు చెప్తారు?"

"తెలిస్తే కొనేవారు కాదు."

"కొనేవారు కాదు."

"ఆ నరికినవాణ్ణి ఏం చేశారు? ఉరి తీశారా?"

"లేదు. యుద్ధం ఆగాక ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టారట. చేసినవాళ్ళు చేసింది చెప్పాలి, పడినవాళ్ళు వినాలి. వాడూ వచ్చి చెప్పాడు. వాళ్ళ నాన్న అంతా విని, ఇంటికి పోదాం పద అన్నాడట."

"ఇంటికా! వాణ్ణా? వాడి మొహం చూస్తూ ఎలా బతుకుతారే?"

"ఇసాటు వాడితో పదేళ్ళు మాట్లాడలేదట."

"పదేళ్ళేం, నేనైతే జన్మలో మాట్లాడను. ఎవడే వాడు?"

"ముందు ఈ డబ్బా లోపల పెట్టెయ్యమ్మా."

"చెప్పవేం?"

"పదకొండేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు తిరుగుబాటువాళ్ళు ఎత్తుకెళ్ళి చేతిలో కత్తి పెట్టారట. ఇసాటు సొంత అన్నయ్యమ్మా. ఇప్పుడు వాళ్ళ నాన్నకి రోజూ అన్నం తినిపించేది వాడే."